గోరుకి కూడా గ్రాఫ్టింగ్ చేస్తారు
తలుపు సందులో వేలు నలిగి గోరు ఊడితే మళ్ళీ అదే వస్తుందిలే అంటారు అందరూ, వస్తుంది కానీ కింద నెయిల్ బెడ్, అంటే గోరు అతుక్కుని ఉండే చర్మం, చిరిగి మచ్చ కట్టిందనుకోండి దాని మీద గోరు అతుక్కోదు, మధ్యకి చీలిపోయో పైకి లేచిపోయో వస్తుంది, టవల్ పట్టుకుంటే చాలు దారం తగులుకుంటుంది. అప్పుడు సర్జన్ ఆ మచ్చ కోసేసి, కాలి బొటనవేలి గోరు కింద నుంచి పల్చటి పొర తీసి అక్కడ కుడతారు, గ్రాఫ్టింగ్ అంటే ఇదే. పల్చగా తీస్తే కాలి గోరుకి పెద్దగా ఏం కాదు.

అసలు చిక్కంతా గోరు పుట్టే మొదలు, ఆ మ్యాట్రిక్స్ దెబ్బతింటేనే. దానికి కాలివేలి మ్యాట్రిక్స్‌నే పూర్తి మందంతో తీయాలి, ఇచ్చిన కాలివేలికి ఇక సరైన గోరు రాదు. అయినా చేతిగోరు అచ్చం పాతదిలా వస్తుందని గ్యారంటీ లేదు! రిజల్ట్ కూడా వెంటనే అడక్కండి, గోరు పెరిగేదే నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు, పూర్తిగా తెలియాలంటే 6 నెలలు ఈజీగా పడుతుంది.