ఎంజీబీ వైరింగ్: పాత లూమ్ ఉంచేసి జాయింట్ల పని పట్టాను

మా గ్యారేజీలో ఉన్నది 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, టాప్ తీసేయగలిగే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మేముండే బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన, అబింగ్డన్‌లో తయారైన బండి. హెడ్‌లైట్లు వేస్తే పసుప్పచ్చగా, నీరసంగా వెలిగేవి. బ్రేక్ తొక్కితే వెనక ఇండికేటర్ మందగించేది. చూసినవాళ్లంతా ఒకటే సలహా: లూమ్ (బండి తీగలన్నీ కలిపి టేపు చుట్టిన కట్ట) మొత్తం పీకేసి కొత్తది వేయమని. కొత్త లూమ్ అంటే వందల పౌండ్లు, పైగా డాష్‌బోర్డు విప్పాలి. ఈ బండ్లకు ఎలక్ట్రికల్ సామాను చేసిన లూకాస్ కంపెనీ వైరింగ్ మీద ఇక్కడ జోకులకు కొదవలేదు గానీ, టేపు కొంచెం విప్పి చూస్తే లోపలి తీగలు మెత్తగానే ఉన్నాయి, ఇన్సులేషన్ ఎక్కడా పగల్లేదు. కాబట్టి మార్చడం కాదు, కొలవడం మొదలుపెట్టాను.

కొలిచే పద్ధతి చాలా సులువు. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది లైటు వెనక కరెంటు వచ్చే టెర్మినల్ మీద పెట్టాలి. మీటర్ చూపేదంతా దారిలో పోయిన వోల్టేజ్. తర్వాత బ్యాటరీ మైనస్ నుంచి లైటు నల్ల తీగకు (ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా తిరిగి వెళ్లే దారి) అలాగే చూడాలి. బ్యాటరీ సీట్ల వెనక ఉంటుంది కాబట్టి మీటర్‌కు పొడవాటి తీగ కలుపుకోవాలి. నా బండిలో బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు. ప్లస్ వైపు 1.6, ఎర్త్ వైపు 0.6 పోతున్నాయి. అంటే లైటుకు అందేది 11.4 మాత్రమే. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజ్ పదో వంతు తగ్గితే వెలుగులో దాదాపు మూడో వంతు పోతుంది. ఈ లెక్కన నాకు సగం వెలుగే వస్తోంది. ఖరీదైన హాలోజెన్ బల్బులు కొంటే ఒరిగేదేమీ లేదు.

ముందు ఎర్త్‌లు. టాప్ ఉన్నా లేకపోయినా ఇలాంటి బండిలోకి నీళ్లు వస్తూనే ఉంటాయి, సీట్ల వెనకా డిక్కీలోనూ చెమ్మ ఆరదు. వెనక లైట్ల నల్ల తీగ బాడీకి బిగించిన చోట స్క్రూ కింద తుప్పు పొర కట్టింది. ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకి, కొత్త రింగ్ టెర్మినల్ వేసి, బిగించాక పైన వాసెలిన్ రాశాను. బ్రేక్‌కూ ఇండికేటర్‌కూ ఉన్న గొడవ అక్కడితో పోయింది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక స్ట్రాప్ కూడా చూసుకోండి. అది తెగితే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలిపోతుంది.

అసలు పని బులెట్ కనెక్టర్లది. తీగ చివర 4.7 మిల్లీమీటర్ల ఇత్తడి గుండు, అది దూరే గొట్టం, పైన రబ్బరు తొడుగు. ముందు గ్రిల్ వెనక ఉన్నవన్నీ పచ్చటి చిలుముతో నిండిపోయాయి. ఇత్తడి అనగానే మనకు చింతపండు గుర్తొస్తుంది, కానీ పులుపు లోపల మిగిలితే చిలుము మళ్లీ పడుతుంది. అందుకే గుండ్లను సన్నటి ఇత్తడి బ్రష్‌తో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. గొట్టాలు మాత్రం శుభ్రం చేయలేదు, అన్నీ కొత్తవి వేశాను. అవి చాలా చవక. పాతవి వదులైపోయి పట్టు ఉండదు. గుండు ఊడినచోట క్రింప్ చేసే (తీగ మీద నొక్కి బిగించే) కొత్తది వేశాను. దానికి ప్రత్యేకమైన ప్లయర్ కావాలి, మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే నిలవదు. పాత యజమానులెవరో రేడియో కోసం, ఫాగ్ లైట్ల కోసం తీగల మీద కొరికించిన నీలం క్లిప్పులన్నీ తీసేశాను. విప్పిన చోట లూమ్‌కు జిగురు లేని పీవీసీ టేపు చుట్టాలి. జిగురు టేపు వేసవిలో కారి చేతికి అంటుతుంది.

లూకాస్ రంగులు ఒంటబడితే డయాగ్రమ్ పెద్దగా అక్కర్లేదు. గోధుమ రంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఫ్యూజు ఉండదు. తెలుపు ఇగ్నిషన్ వేస్తే వచ్చేది, దానికీ ఫ్యూజు లేదు. ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటినది. ఊదా ఎప్పుడూ ఉండేది, ఫ్యూజుతో. నీలం-తెలుపు హై బీమ్, నీలం-ఎరుపు డిప్. ఫ్యూజుల విషయంలో ఒక చిక్కుంది. పాత బ్రిటిష్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే అంకె, నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. నిలకడగా 35 మోసే ఫ్యూజు పెడితే ముందు తీగే కాలుతుంది.

కనెక్టర్ల పని అయ్యాక మళ్లీ కొలిస్తే ఎర్త్ వైపు నష్టం 0.1కి, ప్లస్ వైపు 1.1కి తగ్గింది. ఆ మిగిలినది స్విచ్చుల్లో, పొడవాటి తీగల్లో పోయేది. హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్ దాకా వెళ్లి తిరిగి రావాలి మరి. దీనికి రిలేలే మందు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు. స్టార్టర్ సొలెనాయిడ్ (స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) దగ్గర బ్యాటరీ కేబుల్ చేరే చోటు నుంచి 3 చదరపు మిల్లీమీటర్ల థిన్‌వాల్ (పలుచటి ఇన్సులేషన్ ఉన్న) తీగ తెచ్చి, మొదట్లోనే 25 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. డిప్‌లో ఉండగా ఫ్లాష్ కొడితే నాలుగు ఫిలమెంట్లూ ఒకేసారి వెలుగుతాయి, 17 ఆంపియర్లు దాటుతుంది. అందుకే సన్న తీగ వద్దు. హై బీమ్‌కు ఒక రిలే, డిప్‌కు ఒకటి. రిలేలో కరెంటు బయటికి వచ్చే 87 నంబరు టెర్మినల్ నుంచి కుడి ఎడమలకు విడివిడిగా 10 ఆంపియర్ల ఫ్యూజులు వేశాను, ఒకటి పోయినా రెండో లైటు ఉంటుంది. పాత నీలం తీగలు ఇప్పుడు రిలేను నడిపే కాయిల్‌కు మాత్రమే. కొత్త తీగల చివర్లకూ బులెట్లే పెట్టాను, రేపెవరైనా ఒరిజినల్‌గా కావాలనుకుంటే కనెక్టర్లు మార్చి పెట్టుకోవచ్చు. బాడీకి ఒక్క రంధ్రం కూడా వేయలేదు, రేడియేటర్ పక్కన ఉన్న బోల్టుకే బ్రాకెట్ తగిలించాను. ప్లస్ వైపు నష్టం ఇప్పుడు 0.2.

పెట్రోలు పంపుకు వెళ్లే తెల్ల తీగకు ఫ్యూజు లేకపోవడం మొదటి నుంచీ నాకు టెన్షనే. అది బండి కింద వెనక దాకా పోతుంది, ఎక్కడైనా రాసుకుంటే లూమ్ మొత్తం కాలుతుంది. పంపు తీగ విడిపోయే చోట ఇన్‌లైన్ ఫ్యూజు పెట్టాను.

ఆ తర్వాత ఓ రోజు ఇండికేటర్లు అసలే పనిచేయలేదు. ఫ్యూజు బాగుంది, ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ఫ్లాషరూ బాగుంది. హజార్డ్ స్విచ్ (ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగించేది) ఆఫ్‌లో ఉన్నప్పుడు ఇండికేటర్ల కరెంటు దాని గుండానే వెళ్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ నొక్కక లోపల కాంటాక్టు నల్లబడుతుంది. బ్యాటరీ తీసేసి, క్లీనర్ కొట్టి గట్టిగా అటూ ఇటూ ఆడిస్తే బాగైంది. ఇప్పుడు నెలకోసారి ఆడిస్తున్నాను.

తర్వాతి పని వైపర్లు. ఆపితే కిందికి దిగకుండా అద్దం మధ్యలో నిలబడుతున్నాయి. మోటారులోని పార్క్ కాంటాక్టు అని అనుమానం, మీటర్ పెట్టి చూశాక విప్పుతాను.