బతికున్న రొయ్యతో పండుగప్ప గాలం

తిరుపతిలో తెల్లారకముందే బయల్దేరి వాకాడు వైపు ఉప్పుటేరు గట్టుకు చేరాక, ముందు నీళ్లు చూడండి. నీళ్లు నిలిచిపోయి ఉంటే టీ తాగడం మేలు. పోటు తిరిగి పాటు, అంటే నీళ్లు సముద్రం వైపు వెనక్కి తీయడం, మొదలవగానే చిన్నచేపలు, రొయ్యలు కాలవల మూతుల్లోకి కొట్టుకొస్తాయి. పండుగప్ప చేప అక్కడే, ప్రవాహం పక్క నీడలో కాచుకుంటుంది.

అసలు దారం 0.40 మి.మీ. చాలు. గాలం కట్టే కొస మూర మాత్రం 0.70 ఉండాలి. ఈ చేప నోరు గరుకుకాగితం, మొప్ప అంచు బ్లేడు. సన్నదారం రెండు గుంజులకే తెగుతుంది. గాలం 4/0 సైజు, సీసపు గుండు 20 గ్రాములు. ఎర కొట్టుకుపోతుంటే 30.

ఎర గుచ్చడంలోనే చాలామంది చెడగొడతారు. రొయ్య తల లోపల నల్లటి చుక్కలా కనబడుతుంది చూడండి, దానికి ముల్లు తగిలితే రొయ్య చచ్చినట్టే. ఆ చుక్కకు ముందువైపున, తలమీది కొమ్ము మొదట్లో ముల్లును పైపెంకు కిందుగా పోనివ్వాలి. అలా అయితే చాలాసేపు ఈదుతుంది.

'టప్'మని తగలగానే గుంజొద్దు. దారం బిగిసి బరువు తెలిశాక లాగండి. చేప ఎగిరినప్పుడు కర్ర కొన కిందికి దించాలి గానీ, దారం వదులు కాకూడదు. వదులైతే తల విదిలించి గాలం ఊడగొట్టేస్తుంది.

మొప్పల్లో చెయ్యి పెట్టకండి. బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, ఈ జాతిలో మగవే పెరిగి ఆడవవుతాయి. వాటిని వదిలేస్తే మంచిది, కూరకు రెండు కిలోలదే రుచి.