కాల్షియం రెండేళ్లు మింగినా కింద కూర్చుంటే లేవలేకపోయా

తేడా మొదట తెలిసింది ఊరెళ్లడానికి బస్సు ఎక్కేటప్పుడు. మెట్టు మీద కాలు పెట్టాక ఒళ్లు పైకి లేపడానికి తొడల్లో బలమే లేదు, రెండు చేతులతో రాడ్ పట్టుకుని ఎక్కా. తర్వాత కింద కూర్చుని కూరగాయలు తరిగితే లేవడానికి గోడ కావాల్సొచ్చేది. నాకప్పుడు 36 ఏళ్లు. "నాకంటే ముసలిదానివైపోయావేంటే" అని అత్తయ్య బాధపడేది.

నడుము, పక్కటెముకలు ఒకటే నొప్పి, ఎముకలే కదా అని మెడికల్ షాపులో కాల్షియం కొనుక్కుని రెండేళ్లు మింగా, ఏం తగ్గలేదు. ఒక డాక్టర్ అయితే టెన్షన్ వల్లే అని పంపించేశారు, ఆ రోజు ఇంటికొచ్చి చాలా ఏడ్చా.

ఇంకో డాక్టర్ చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయా. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. రక్తపరీక్షలో విటమిన్ డి 6 వచ్చింది, 20 కంటే తక్కువుంటేనే లోపం అంటారు. ఆస్టియోమలేషియా అన్నారు, అంటే ఎముక మెత్తబడిపోవడం, పిల్లల్లో అయితే రికెట్స్. డి లేకపోతే మనం మింగిన కాల్షియం పేగులు సరిగ్గా పీల్చుకోలేవు, రక్తంలో అది తగ్గకూడదు కాబట్టి మెడలోని చిన్న గ్రంథులు వదిలే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి మన ఎముకల్లోంచే లాగేస్తుంది. కండరాలకీ డి కావాలి, తొడలు, తుంటి దగ్గరే ముందు నీరసం వస్తుందట. నా రెండేళ్ల కాల్షియం ఎటుపోయిందో అప్పుడర్థమైంది.

హైదరాబాద్‌లో ఎండకేం కొదవ అంటారు మావారు. నాదేమో నైట్ షిఫ్టు, పగలంతా కర్టెన్లేసుకుని నిద్ర. కిటికీ పక్కన కూర్చున్నా లాభం లేదు, ఒంట్లో డి తయారవ్వడానికి కావాల్సిన ఎండలోని యూవీబీ కిరణాల్ని అద్దం ఆపేస్తుంది.

60 వేల యూనిట్ల విటమిన్ డి సాచెట్ వారానికొకటి, ఎనిమిది వారాలు, భోజనం అయ్యాక, తోడుగా కాల్షియం. త్వరగా తగ్గుతుందేమో రోజూ వేసుకోనా అంటే డాక్టర్ గట్టిగా కోప్పడ్డారు, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి, అందుకే సొంతంగా మాత్రం వేసుకోకండి ప్లీజ్.

ఐదో వారానికి మెట్లెక్కడం కాస్త తేలికైంది. ఎముకల నొప్పికి ఆరు నెలలు పట్టింది. మొన్న భోగికి వాకిట్లో ముగ్గేసి ఏదీ పట్టుకోకుండా లేచా, అత్తయ్య చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడకీ టెస్ట్ చేయిస్తే 11. ఇప్పుడు ఆవిడకి మూడో సాచెట్ నడుస్తోంది.