బల్లకు ఆ చివర, ఈ చివర

నెల రోజుల క్రితం థియేటరులో చూసిన సినిమానే నిన్న రాత్రి ఇంట్లో మళ్లీ చూశాను. అందులో భార్యాభర్తలు పొడవాటి భోజనబల్లకు చెరో చివర కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడుకోని సన్నివేశం ఒకటి ఉంది. థియేటరులో ఆమె ముఖం నుంచి అతని ముఖానికి చూపు చేరాలంటే తల కాస్త తిప్పవలసి వచ్చింది. అలా తిప్పడంలోనే వాళ్ల మధ్య పెరిగిన దూరం నాకు తెలిసివచ్చింది. ఇంట్లో మాత్రం ఇద్దరూ ఒక్క చూపులోనే ఇమిడిపోయారు.

1953లో సినిమాస్కోప్ వచ్చినప్పటి నుంచీ వెడల్పు తెర ఉద్దేశం బొమ్మను ప్రేక్షకుడి చూపు అంచుల దాకా పరచడమే. నేటి టీవీల వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 16:9 కాబట్టి, 2.39:1 నిష్పత్తిలో ఉన్న చిత్రాన్ని కత్తిరించకుండా చూపితే పైనా కిందా నల్లని పట్టీలు వచ్చి, తెర ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఖాళీగా పోతుంది. అన్నిటికన్నా విశాలంగా కనిపించవలసిన చిత్రమే ఇంట్లో చిన్నదైపోతుంది. (అయినా ఆ పట్టీలే నయం, పాత 4:3 టీవీల కోసం పక్కలు కోసేసిన రోజుల్లో ఇలాంటి సన్నివేశంలో ఒకరే మిగిలేవారు.)

ఇంట్లో ఆపుకొని చూసే సౌకర్యం ఉంది, కాదనను. నిన్న అక్కడే ఆపి, దీపం ఆర్పి, కుర్చీని తెరకు బాగా దగ్గరగా జరుపుకొని మళ్లీ చూశాను. ఈసారి కళ్లు కొంచెం కదిలాయి, తల మాత్రం కదలలేదు.