సెల్ఫీలకూ ఆదాయ తేడాలకూ లంకె

ఆడవాళ్లు హాట్‌గా సెల్ఫీలు పెట్టడం అణచివేతకు గుర్తనేది పాత వాదన. 2018లో పరిశోధకురాలు ఖాండిస్ బ్లేక్ బృందం దాన్ని లెక్కల్లో పెట్టి చూసింది. 113 దేశాల నుంచి ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెట్టినవాళ్లే 'సెక్సీ', 'హాట్' లాంటి మాటలు తగిలించిన 68,562 సెల్ఫీలు తీసుకుంది. అవి ఆదాయ అసమానత ఎక్కువున్న చోటే ఎక్కువగా కనిపించాయి. స్త్రీపురుష అసమానతతో అలాంటి లంకె దొరకలేదు. అమెరికాలో ఊళ్లవారీగా చూసినా అంతే. పైగా అక్కడ బ్యూటీ సెలూన్ల అమ్మకాలూ అదే దారి పట్టాయి.

వాళ్ల వివరణ: పైమెట్టుకూ కిందిమెట్టుకూ దూరం పెరిగితే జారతామన్న భయం, ఎక్కాలన్న తపన రెండూ పెరుగుతాయి, అందం ఆ పోటీలో పెట్టుబడి అవుతుంది. నాకిది నమ్మదగ్గదే.

కానీ చదివేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆదాయ అసమానతను కొలిచే గినీ సూచిక (0 అంటే అందరికీ సమానం, 1 అంటే అంతా ఒక్కరికే) ఊరిదీ దేశానిదీ, మనిషిది కాదు. దాన్నిబట్టి ఫలానా అమ్మాయి ఎందుకు ఫోటో పెట్టిందో చెప్పలేం. జనాభాను లెక్కలోకి తీసుకోకుండా ఉత్త సంఖ్యలు పోలిస్తే పెద్ద నగరాలే గెలుస్తాయి. ట్యాగ్ లేని ఫోటోలైతే లెక్కలోకే రావు.