బందరు: ప్రేమ ఉంది, ఉండాలని లేదు

కాగితాల మీద మచిలీపట్నమని రాసినా మాకు అది బందరే. పుణెలో మొదలైన 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే ముగుస్తుంది. గుడివాడ మీదుగా వచ్చే రైలు పట్టాలు ఇక్కడితో ఆగిపోతాయి. బెజవాడలో కృష్ణ నుంచి బయలుదేరిన బందరు కాలువ కూడా మా దాకా వచ్చి చాలించుకుంటుంది. తీరం వెంట పోయే 216వ రహదారిని మినహాయిస్తే, మా ఊరు మీదుగా మరో ఊరికి పోయేవాళ్లు తక్కువ. చిన్నతనంలో ఇది నాకు గొప్పగా తోచేది. ఉద్యోగం వెతుక్కునే వయసు వచ్చాక అదే నన్ను ఉక్కిరిబిక్కిరి చేసింది.

ఈ ఊరి గతం తెలియకపోతే విడిచిపోవడం సులువయ్యేదేమో. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది పేరున్న రేవు; డచ్చివారు వచ్చారు, 1611లో ఇంగ్లీషు వర్తకులు వచ్చారు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన దాదాపు ముప్పై వేల ప్రాణాలను బలి తీసుకుంది. అంత దెబ్బ తిన్న ఊరే ఆ తరువాత 1902లో కృష్ణాపత్రికను, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి చేతుల మీదుగా ఆంధ్రా బ్యాంకును పుట్టించింది. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు తరలిపోయింది, 2020 ఏప్రిల్ 1న ఆ పేరు కూడా యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఖాతాదారుడి బాధ కాదు, ఇంట్లో పెద్దదిక్కును పోగొట్టుకున్నవాడి బాధ.

అయితే గతాన్ని తలచుకుంటూ రోజులు గడవవు. మా నాన్నగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు, ఇక్కడి వైద్యులు బెజవాడ తీసుకుపొమ్మని చెప్పగా, సుమారు డెబ్బై కిలోమీటర్లు అంబులెన్సులో ఆయన చేయి పట్టుకొని కూర్చున్నాను. ఆయన కోలుకున్నారు కానీ, జిల్లా కేంద్రమని చెప్పుకొనే ఊళ్లో ఆ పూట ఆయనకు కావలసిన వైద్యం లేదన్న సంగతిని నేను మరిచిపోలేదు. నాతో చదువుకున్నవాళ్లలో చాలామంది హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడి పండుగలకు మాత్రం వస్తున్నారు.

నేను కలగనేది మాత్రం విశాఖపట్నం. బందరు సముద్రపు ఊరే అయినా ఊళ్లో నుంచి సముద్రం కనిపించదు. అలలు చూడాలంటే మంగినపూడి దాకా పోవాలి, చుట్టూ ఎటు చూసినా చదును నేలే. విశాఖలో కొండ వాలున ఉన్న వీధి మలుపు తిరగగానే కింద నీలంగా సముద్రం కనబడుతుంది. పెదవాల్తేరు ప్రాంతంలో చిన్న అద్దె ఇల్లు, సాయంత్రం నడవడానికి తీరం, అవసరమైతే దగ్గరలో పెద్దాసుపత్రి: నా కోరిక ఇంతకు మించి లేదు. అక్కడ అద్దెలు ఎక్కువని, ఇరుగుపొరుగు పలకరింపులు తక్కువని తెలిసే కోరుకుంటున్నాను.

అమ్మ మాత్రం ససేమిరా అంటోంది. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానం చేసి చిలకలపూడి పాండురంగడి దర్శనం చేసుకోవడం ఆమెకు ఏటా తప్పని మొక్కు. "నువ్వు వెళ్లు నాన్నా, మేము వస్తూ పోతూ ఉంటాం" అంటుంది. ఆ మాట వినగానే, నా వంటివాళ్లు ఒక్కొక్కరుగా కదలబట్టే ఈ ఊరు ఇలా అయిందన్న ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వదు. 2023లో కొత్త రేవు పనులు మొదలైనప్పుడు, రేవు వస్తే ఆగిపోదామని మనసులో అనుకున్న మాట నిజం. కానీ ఉద్యోగాల కోసం ఎదురుచూడడానికి నా వయసు ఆగదు. విశాఖలో రెండు కంపెనీలకు దరఖాస్తు పెట్టాను. పిలుపు వస్తే వెళతాను, ఇక్కడి ఇల్లు అమ్మే మాట మాత్రం ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వను.