త్రోవలో షెమా

"నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును" అని మన యూదులం రోజూ షెమాలో చదువుతాం. "ఇశ్రాయేలూ, వినుము" అంటూ పొద్దునా రాత్రీ చదివే ప్రార్థనే షెమా. ఇంటి సంగతి గుర్తుంటుంది, త్రోవ సంగతే గాలికొదిలేస్తాం. శనివారపు విశ్రాంతి దినం కోసం శుక్రవారం సాయంత్రమే ఎంతో శ్రద్ధగా దీపాలు వెలిగించేవాళ్ళు కూడా రైలెక్కితే "ప్రయాణంలో ఎక్కడ కుదురుతుందండీ" అనేస్తారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మన ధర్మశాస్త్రం తోరా ఇంటితో పాటు దారిని కూడా చెప్పింది కదా!

పాతకాలపు పండితుల మాటలు కూర్చిన మిష్నాలో, ప్రార్థనల గురించి చెప్పే బెరఖోత్ మొదటి అధ్యాయం తీయండి. రాత్రి షెమా పక్కకి ఒరిగి చదవాలని షమ్మాయి అనే గురువు శిష్యులు, ఎలా ఉన్నవాళ్ళు అలాగే చదవచ్చని మరో గురువు హిల్లేల్ శిష్యులు. హిల్లేల్ వాళ్ళు చూపిన ఆధారం ఈ త్రోవ మాటే. రబ్బీ తర్ఫోన్ దారి మధ్యలో షమ్మాయి పద్ధతిలో ఒరిగి చదివి, దొంగల వల్ల ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. తోటి పండితులు అయ్యో అనలేదు సరికదా, హిల్లేల్ వాళ్ళ మాట దాటినందుకు మందలించారు. నడిచేవాడు మొదటి వాక్యానికి కాస్త ఆగితే చాలన్నారు పెద్దలు. ఇంతకన్నా ఏం సులువు చేస్తారు?

కొంకణ్ తీరంలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులకి ఒకప్పుడు హీబ్రూ చదవడం కూడా రాదు. గానుగాడించి బతికేవాళ్ళు. శనివారం గానుగ ఆపేస్తారని ఊళ్ళోవాళ్ళు 'శనివార్ తేలీ', అంటే శనివారపు గానుగవాళ్ళు, అనేవారు. శుభానికైనా అశుభానికైనా వాళ్ళ నోట మిగిలింది షెమా ఒక్కటే. అటుగా వచ్చిన దావీద్ రహాబీ అనే యూదుడు, వీళ్ళు మనవాళ్ళేనా అని తేల్చుకోడానికి రకరకాల చేపలు తెచ్చి వండమన్నాడట. ఆడవాళ్ళు తోరా తినొద్దన్న, పొలుసులూ రెక్కలూ లేనివాటిని ఏరి పక్కన పెట్టేశారు. ఆయన అక్కడే ఉండి వాళ్ళలో ముగ్గురికి చదువు చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఓసారి ముంబయి నుంచి వస్తుంటే కింది బెర్త్‌లో ఠాణే పెద్దాయన ఒకరు, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. దుప్పటి కప్పుకోబోతూ కుడి అరచెయ్యి కళ్ళమీద పెట్టుకున్నారు. ఫ్యాన్ హోరులో కూడా "షెమా ఇజ్రాయెల్" స్పష్టంగా వినపడింది. పై బెర్త్ నుంచి నేను మెల్లగా దాని తర్వాతి వాక్యం "బారుఖ్ షేమ్" అందుకున్నాను. ఆయన లేచి కూర్చున్నారు. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో మా బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదుల ప్రార్థనాలయం, సినగాగ్, ఉందని చెబితే నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఏలియాహు ప్రవక్త పేరున వాళ్ళమ్మ మలీదా పళ్ళెం ఎలా సర్దేదో చెప్పారు: నానబెట్టిన అటుకుల్లో తీపి, కొబ్బరికోరు కలిపి, చుట్టూ పళ్ళు. మాట్లాడుతూనే తెల్లారింది.

ఆయన సిగ్గుపడి పెదాల మధ్యే గొణుక్కుని ఉంటే పొద్దున్నే ఎవరి సంచి వాళ్ళం తీసుకుని దిగిపోయేవాళ్ళం. మన చెవికైనా వినపడేలా చదవమనే కదా పెద్దలు చెప్పింది! బస్సులో, హాస్టల్లో, పరాయి ఊరి లాడ్జిలో కూడా చదవండి. చదువులకు బయల్దేరే పిల్లలకి పచ్చడి సీసాలు సర్దేటప్పుడే ఈ సంగతీ చెప్పి పంపండి.